కబురందని చెట్టు

గ్రీన్ కార్డు కోసం చెట్టు తోలు తీసిన ఇంజనీరుని మీరెక్కడా చూసి ఉండరు. చూడాలని ఉంటే మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో నేను సులువుగానే దొరుకుతాను. ఊరి పేరులో కొండలున్నాయి, ఊళ్ళో లేవు. నా డిగ్రీలో సైన్సు ఉన్నట్టే అదీను. కార్ల బ్రేకులు వేళకి పడతాయో లేదో పరీక్షించడం నా ఉద్యోగం. ఒకే ఒక్కసారి, బ్రేకు పడవలసింది నా బుద్ధికి అయినప్పుడు, అది పడలేదు.

ఇన్నాళ్ళూ దాచిన సంగతి కాదిది. ఆ చెట్టు ఎవరిదో ఆయనే నా తెలివితక్కువతనాన్ని ఊరంతా చాటే బాధ్యత తీసుకున్నారు. ఆయన పోయి పదిహేను రోజులైంది. ఆ ఉద్యోగం ఖాళీ అయింది కనుక నేనే దరఖాస్తు పెట్టుకుంటున్నాను.

ఆయన్ని అందరం మాస్టారు అనేవాళ్ళం. బడిలో పాఠం చెప్పిన మనిషి కాదు. ఇంజన్ బ్లాకులు పోతపోసే ఫౌండ్రీలో పనిచేసి రిటైరయ్యారు. పోతపోసిన ఇనుములో కంటికి కనబడని పగులుందేమోనని సుత్తితో తట్టి, చెవితో విని చెప్పే రోజుల్లో ఉద్యోగంలో చేరారట. తర్వాత ఆ పనికి యంత్రాలు వచ్చాయి. మాస్టారు రిటైరయ్యారు గానీ ఆయన వేలి కణుపు రిటైర్ కాలేదు. గృహప్రవేశానికి పిలిస్తే గుమ్మం దాటుతూనే గోడని కణుపుతో రెండుసార్లు తట్టి, తల వాల్చి విని, "అట్టపెట్టె" అనేవారు. ఇంటాయన మొహం పాలిపోయేది. పుచ్చకాయని తట్టేవారు, కొత్త కారు తలుపుని తట్టేవారు, పిల్లలు చుట్టూ చేరితే వాళ్ళ నెత్తిన మెల్లగా తట్టి "గట్టి సరుకే" అని సర్టిఫికెట్ ఇచ్చేవారు. మావాడి తల తట్టినప్పుడు మాత్రం నావైపు ఓ చూపు చూసి, "వాళ్ళమ్మ పోలిక" అన్నారు.

నలుగురూ టెక్సాస్‌లోని ప్లేనోలో అద్దెకిచ్చుకునే ఇళ్ళు కొంటున్న కాలంలో ఆయన ఉత్తరాన, మాకు నాలుగు గంటల డ్రైవ్ దూరంలో, ఒక కొండవాలు కొన్నారు. రోడ్డు లేదు, బోరు లేదు, కరెంటు లేదు.

"అక్కడేముంది మాస్టారూ?" అని అడిగాం.

"బర్చ్ చెట్లున్నాయి."

"ఇంకా?"

"ఇంకేటుండాలి?"

బర్చ్ మాకు తెలియని చెట్టేమీ కాదు. కాగితంలాంటి తెల్లటి బెరడుతో మా ఇళ్ళ ముందు లాన్‌లలో ఒకటో రెండో ఉంటాయి. బిల్డర్ నాటి పోతాడు, ఏడెనిమిదేళ్ళకి పైనుంచి ఎండుకుంటూ వస్తాయి. వాటిని చూస్తే మాస్టారికి జాలి. "దానికి కాళ్ళు చల్లగా ఉండాలి బాబూ. ఈ గడ్డిలో, ఈ ఎండలో కాళ్ళు కాలిపోతన్నాయి దానికి. చెప్పుకోడానికి నోరేది?" అనేవారు. దానంతటది ఎక్కడ మొలుస్తుందో చూడాలంటే కొండకి ఉత్తరం మొహాన చూడాలట. ఎండ ఏటవాలుగా తగిలే చోట, ఎప్పుడో అడవి కాలిపోయో, కొట్టేసో బట్టతల పడ్డ నేలమీద అన్నిటికంటే ముందు వచ్చేది బర్చ్. వచ్చి నీడ చేస్తుంది. ఆ నీడలో మేపుల్ మొక్కలు లేస్తాయి. చివరికి ఆ మేపుల్ నీడలో తన పిల్లే తనకి బతకదు.

ఇది విని మాలో ఒకాయన గొంతు బరువు చేసుకుని, "అచ్చం మనలాగే మాస్టారూ" అన్నాడు.

"మనలాగేటి?" అన్నారు మాస్టారు. "చెట్టు చెట్టులాగుంటాది. నువ్వు నీలాగుండు, సాలు."

ఏడాదికోసారి, అక్టోబరు చివర, నాలుగైదు కుటుంబాల్ని ఆ కొండకి తీసుకెళ్ళేవారు. రంగులు చూడ్డానికి అందరూ వెళ్ళే వారం కాదు, ఆకులన్నీ రాలిపోయాక. "ఆకులుంటే కొండ అవుపించదు" అనేవారు. ఆకులు లేని ఆ బూడిదరంగు అడవిలో బర్చ్ మానులు మాత్రం, గోడకి సున్నం గీతలు గీసినట్టు, వాలు పొడుగునా తెల్లగా నిలబడి ఉండేవి. అందంగా ఉందని అనడానికి నోరు రాదు. ఎవరో వెళ్ళిపోయిన ఇంట్లోకి అడుగుపెట్టినట్టుండేది.

కొండ ఎక్కడానికి ఆయనకో రైలు టైమ్‌టేబుల్ ఉంది. కార్లు ఆపే చోటు విజయనగరం. మొదటి మలుపు గజపతినగరం. పెద్ద బండరాయి బొబ్బిలి, సెలయేటి పక్క చదును పార్వతీపురం, కొండకొమ్మున బర్చ్ గుంపు రాయగడ. చిన్నప్పుడు ఆ లైన్లో ఎక్కువగా తిరిగారేమోనని ఓసారి అడిగితే, "టిక్కెట్టు లేకుండా తిరిగేను" అన్నారు తప్ప ఇంకో ముక్క చెప్పలేదు. ప్రతి స్టేషన్‌లోనూ ఫ్లాస్కులోంచి రెండు గుక్కల కాఫీ. బొబ్బిలిలో మరమరాలు. భోజనాలు పార్వతీపురంలో.

"గిదేంది మాస్టారూ, సిగ్నల్ సుత లేదు" అని మా వరంగల్ మిత్రుడు ఫోను ఆకాశానికి చూపిస్తే, "సిగ్నల్ లేకపోతే బండి ఆగాలి గదా, నువ్వెందుకు నడస్తన్నావు?" అనేవారు.

ఇక నా సంగతి.

ఆ ఏడాది నా పేపర్లు ఇమ్మిగ్రేషన్ వాళ్ళ దగ్గర ఇరుక్కున్నాయి. కాగితాలు చాలవు, ఇంకా పంపమన్నారు. పంపాను. అవీ చాలవన్నారు. మా అత్తగారు ఇండియాలో ఒక సిద్ధాంతిగారిని అడిగితే, భూర్జపత్రం మీద దానిమ్మ పుల్లతో, అష్టగంధంతో యంత్రం రాసి ఇంట్లో పెట్టుకోమన్నారట. "ఇక్కడ పూజాసామగ్రి కొట్లో అరచెయ్యంత ముక్క దొరకడమే గగనం, అదీ అసలుదో నకిలీదో. మీ దేశంలో ఆ చెట్లు ఊరికే ఉంటాయట కదా బాబూ!" అన్నారు ఆవిడ. భూర్జమంటే బర్చ్ అని అప్పటికే ఫోన్‌లో వెతికి ఉన్నాను. అక్కడితో ఆగితే సగం తెలివితక్కువవాణ్ణి అయ్యేవాణ్ణి. ఈ ముక్క మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వీసా తిప్పల్లో ఉన్నవాళ్ళు ఇంకో పదిమంది, "బ్రో నాకూ ఒకటి", "అన్నా ఫ్యామిలీ సైజ్ ఉంటుందా" అన్నారు. నాతో కలిపి పదకొండు.

ఆ అక్టోబరులో, గజపతినగరం దాటాక, దారికి అడ్డంగా ఒక బర్చ్ పడిపోయి ఉంది. ఎన్నాళ్ళ క్రితం పడిందో, లోపలి చెక్క పొడైపోయినా బెరడు మాత్రం చెక్కుచెదరలేదు. మాస్టారు దాన్ని బూటుతో తాకి అన్నారు. "ఎవరికన్నా తోలు కావాలంటే దీన్ది తీసుకోండి. నిలబడ్డవాటి జోలికి మాత్రం ఎల్లకండి. కత్తి లోతుగా దిగిందంటే చచ్చిపోతాయి."

నేను వరసలో అందరికంటే వెనక, ఫోన్ చెవిన పెట్టుకుని నడుస్తున్నాను. సిగ్నల్ లేదని ఇందాకే చెప్పాను. అంటే ఫోన్‌లో ఎవరూ లేరు. మాస్టారి మాట ప్రతి అక్షరం వినబడింది.

అయినా ఆ పడిపోయిన చెట్టు నాకు నచ్చలేదు. బురద, నాచు, పురుగులు. దేవుడి పనికి తెల్లగా, శుభ్రంగా ఉండాలనిపించింది. అందరూ పార్వతీపురంలో పులిహోర పొట్లాలు విప్పుకుంటుంటే నేను ఒంటికి వెళ్ళొస్తానని చెప్పి రాయగడ దాకా ఎక్కాను. గుంపులో అన్నిటికంటే తెల్లదాన్ని ఎంచుకున్నాను. కారులోంచి తెచ్చిన అట్టపెట్టెలు కోసే కత్తితో ఛాతీ ఎత్తున చుట్టూ ఒక గీత, దానికి అడుగు కింద ఇంకో గీత, రెండూ కలుపుతూ నిలువుగా ఒకటి. కొలతలో తేడా రాకుండా తాళాల గుత్తికున్న చిన్న టేపు పెట్టి మరీ. కొన్ని చోట్ల ఊడిరాకపోతే ఇంకా లోతుగా నొక్కాను. కత్తికి తడి తగిలింది. అప్పుడైనా ఆగొచ్చు. ముక్కలు పదకొండు కావాలి.

బెరడు చొక్కా విప్పినట్టు మొత్తం ఒక్కసారిగా వచ్చేసింది. కింద చెట్టు ఎర్రగా, చెమర్చి ఉంది.

వెనక్కి తిరిగితే మాస్టారు. ఎంతసేపయిందో వచ్చి. తిట్టలేదు. దగ్గరికి వచ్చి ఆ ఎర్రటి చోటుకి పైన ఒకసారి, కింద ఒకసారి కణుపుతో తట్టి విన్నారు.

"చుట్టూ తీసేవా?"

"నీట్‌గానే తీశాను మాస్టారూ."

"అదే. చుట్టూ."

బెరడు చుట్ట చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆయన నిదానంగా, ఫౌండ్రీలో కొత్తగా చేరినవాడికి చెప్పినట్టు చెప్పారు. "నీళ్ళు చెక్కలోంచి పైకెక్కుతాయి. దానికేం ఢోకా లేదు. ఆకులు వండిన అన్నం ఈ తోలు కింద పొరలోంచి వేళ్ళకి దిగుతాది. ఆ దారి నువ్వు కోసేసేవు. వచ్చే ఏడు ఆకులేస్తాది, ఆ పైయేడూ వేస్తాది. వేళ్ళు మాత్రం పస్తుంటాయి." కాస్త ఆగి, "ఎంతమందికి?" అన్నారు.

"పదకొండు మందికి."

"మరైతే పంచు. పారేస్తే అదింకో పాపం."

"మాస్టారూ, క్షమించండి. నేను..."

"నాకెందుకు? దానికి చెప్పు."

అంతటితో వెనక్కి తిరిగి దిగడం మొదలుపెట్టారు. నాలుగడుగులు వేసి, అటువైపు తిరిగే అన్నారు. "మే నెల్లో రా. ఆకేసిందో లేదో చూద్దాం."

ఆ ముక్కలు పంచాను. పదకొండు మందిలో కొందరికి కార్డులు వచ్చాయి, కొందరికి రాలేదు. చెట్టుకి అన్యాయం చేయనివాళ్ళకీ ఇదే లెక్క. నాది రాలేదు. రాసిన పత్రం గోడమీద ఉంది, రావలసిన పత్రం ఇప్పటికీ రావలసే ఉంది.

నన్ను ఏడిపించే కార్యక్రమం ఆ శీతాకాలంలోనే మొదలైంది. ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా మాస్టారు కొత్తవాళ్ళకి నన్ను ఇలా పరిచయం చేసేవారు. "ఈ బాబు మా చెట్టుకి బట్టలిప్పేడు." అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ వేళాకోళం నన్నేమీ చేయలేదు. దాని వెనకాలే ఆయన తప్పకుండా చేర్చే మాట ఒకటుంది, అదే నన్ను కోసేది. "పాపం, తెలీక చేసేడు. నేను ముందు చెప్పేను గానీ ఆయన ఫోన్‌లో ఉన్నాడు."

అంటే మాస్టారు నన్ను క్షమించేశారు. కాకపోతే నేను చేయని తప్పుకి. చేసిన తప్పు ఇంకా నా దగ్గరే ఉంది. అది ఆయనకి చెప్పాలంటే 'క్షమించండి' దగ్గర మొదలుపెట్టాలి. అక్కడ మొదలుపెడితే చాలు, "దానికి చెప్పు" అని తుంచేసేవారు. మర్యాదస్తులం కదా, పెద్దాయన మాట తుంచాక మళ్ళీ అతకలేం.

మే నెలలో వెళ్ళాం, ఆయనా నేనూ ఇద్దరమే. చెట్టు నిండుగా చిగిర్చింది. గాయం నల్లగా గట్టిపడి మొలతాడులా చుట్టూ ఉంది గానీ పైన ఆకులు గలగలలాడుతున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

"చూశారా మాస్టారూ, బతికింది!"

ఆయన కణుపుతో తట్టి విన్నారు. "చచ్చిపోయింది బాబూ. దానికింకా కబురు అందలేదు, అంతే."

తిరుగు ప్రయాణంలో నాలుగు గంటలూ నేనే డ్రైవ్ చేశాను. ఏదో ఒకటి మాట్లాడి మెల్లగా నా సంగతిలోకి దింపుదామనుకున్నాను. ఆయన పెరుగన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయారు. నిద్ర నటించారని ఇప్పటికీ నా అనుమానం.

రెండో మే నాటికి చిటారు కొమ్మలు బోసిపోయాయి. ఆ ఏడాదే మాస్టారి టైమ్‌టేబుల్లో ఒక మార్పు గమనించాను. బొబ్బిలికీ పార్వతీపురానికీ మధ్య, ఏ స్టేషనూ లేని చోట, నిలబడిపోయారు.

"ఇక్కడ హాల్ట్ లేదు కదా మాస్టారూ?"

"క్రాసింగ్" అన్నారు ఒక చెట్టుకి చెయ్యి ఆనించి. "ఎదురు బండి వస్తంది. సింగిల్ లైన్ కాదేటి?"

నేనూ నిలబడ్డాను. ఇద్దరం ఖాళీ దారివైపు చూస్తూ ఆ రాని బండి కోసం కాసుకున్నాం. ఆయన గుండెల్లోంచి ఊపిరి ఈలలా వస్తోంది. కాసేపటికి "ఎల్లిపోయింది" అని మళ్ళీ కదిలారు. చెయ్యి అందించబోతే, నాకు తెలియని కొత్త వస్తువేదో చూసినట్టు నా చేతివైపు చూసి పక్కనించి నడిచిపోయారు.

మూడో మే నాటికి చెట్టుకి ఒక్క కింది కొమ్మే ఆకేసింది. క్రాసింగులు మూడయ్యాయి. పార్వతీపురంలో కాఫీ తాగుతుంటే ధైర్యం చేశాను.

"మాస్టారూ, ఆ రోజు నేను ఫోన్‌లో..."

"కాఫీ సల్లారిపోతంది, తాగు."

"ఒక్క మాట..."

"దానికి చెప్పమన్నానా లేదా?"

నిజానికి చెప్పాను కూడా. ఆయన చూడకుండా ఆ నల్లటి కట్టు మీద చెయ్యి వేసి, ఇంగ్లీషులో చెప్పాలో తెలుగులో చెప్పాలో ఒక క్షణం తేల్చుకోలేక, చివరికి తెలుగులోనే చెప్పాను. చెట్టు వినలేదు. విన్నా, వేళ్ళదాకా దిగే దారి లేదు.

నాలుగో మేలో ఆకు లేదు. ఒక్కటీ లేదు. చుట్టూ ఉన్న బర్చ్‌లన్నీ లేతాకుపచ్చ పొగలో ఉన్నాయి, ఇది మాత్రం ఎముకలా నిలబడి ఉంది. ఆ రోజు రాయగడ చేరడానికి మాకు పూట పట్టింది. మాస్టారు కణుపుతో తట్టారు, విన్నారు. ఇంకోసారి తట్టి విన్నారు. తర్వాత ఆ మాను మొదట్లోనే కూలబడి, కాళ్ళు చాపుకున్నారు. కింద సెలయేరు చప్పుడు వినబడుతోంది. ఎక్కడో ఒక వడ్రంగిపిట్ట, ఇంకో చెట్టుని, ఆయనకంటే శ్రద్ధగా తడుతోంది.

"మాస్టారూ, క్షమించండి" అన్నాను.

"దానికి..."

"అది పోయింది కదా. ఇంకెవరికి చెప్పను?"

ఈ ప్రశ్నకి జవాబు ఉండదని నా నమ్మకం. నాలుగేళ్ళు తడిమి తడిమి వెతుక్కున్న తలుపు అది. మాస్టారు నావైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, వేళాకోళమూ లేదు.

"అయితే నీ దగ్గరే ఉంచుకో" అన్నారు.

దిగేటప్పుడు ఎన్ని క్రాసింగులో నేను లెక్కపెట్టలేదు.

ఆ శీతాకాలంలో ఆయన రెండుసార్లు హాస్పిటల్‌కి వెళ్ళొచ్చారు. మూడోసారి వెళ్ళారు. శాంటా క్లారా నుంచి కూతురు వచ్చి ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి. "అంకుల్, నాన్నని చూడాలంటే టుడే రండి. ఐ థింక్... టుడే బెటర్" అంది.

మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాను. గదిలో కూతురు, అల్లుడు, మా వరంగల్ మిత్రుడూ అతని భార్యా, ఒక నర్సు ఉన్నారు. కిటికీలోంచి పార్కింగ్ లాటూ, దాని అంచున ఎవరో వరసగా నాటిన చెట్లూ కనబడుతున్నాయి. మంచు కప్పేసింది కనుక ఏ చెట్లో తెలియలేదు. మాస్టారు చిన్నవారైపోయారు. ముక్కూ నోరూ కప్పుతూ ఆక్సిజన్ మాస్కు. కళ్ళు మాత్రం మునుపటివే. నన్ను చూడగానే వాటిలో ఆ పార్టీల నాటి వెలుగు ఒకటి కదిలింది. కొత్తగా వచ్చిన నర్సుకి నన్ను పరిచయం చేయాలని ఉందని అర్థమైంది.

"నాన్న టాక్ చేయొద్దు అంకుల్" అంది కూతురు, కుర్చీ జరిపి. "మాస్క్ తీస్తే నంబర్స్ డౌన్ అయిపోతున్నాయి. మీరే మాట్లాడండి. హీ కెన్ హియర్."

"నువ్వే మాట్లాడు అన్నా" అన్నాడు మిత్రుడు నా భుజమ్మీద చెయ్యేసి. "పెద్దాయన ఇంటడు."

అప్పుడు తట్టింది నాకు. నాలుగేళ్ళలో మొదటిసారి ఈయన నా మాట తుంచలేరు.

మంచి మనిషైతే ఏం చేసేవాడో నాకు తెలుసు. ఆరోగ్యం కుదుటపడుతుందనేవాడు, మేలో మళ్ళీ కొండకి వెళదామనేవాడు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆయన చెవి దగ్గర వంగి, "మాస్టారూ, క్షమించండి" అని మొదలుపెట్టాను.

ఆయన కనుబొమలు లేచాయి. మాస్కు లోపల పెదవులు కదిలాయి. ఆ రెండు మాటలేవో చూడకుండానే చెప్పగలను. అద్దంలాంటి ఆ ప్లాస్టిక్ మీద ఆవిరి పట్టింది, పోయింది. ఇంకేమీ బయటికి రాలేదు.

"ఆ రోజు ఫోన్‌లో ఎవరూ లేరు మాస్టారూ. మీరు చెప్పింది విన్నాను. పడిపోయినదాన్ని తీసుకోమన్నారు, నిలబడ్డవాటి జోలికి వెళ్ళొద్దన్నారు. అంతా విన్నాను. అది మురికిగా ఉందని మీ చెట్టు దగ్గరికి వెళ్ళాను."

మంచం మీది చెయ్యి కదిలింది. మెల్లగా పైకి లేచి మాస్కు వైపు వెళుతోంది. దాన్ని లాగేసి ఏదో అనాలని. ఏమనాలని? మళ్ళీ అదే మాటో, ఇన్నేళ్ళూ తనకీ తెలుసనో, లేక మొదటిసారి నన్ను నిజంగా తిట్టాలనో. అది వినాలని నాకు ఎంత ఉందో చెప్పలేను. విని ఉండవలసింది కూడా.

కానీ నా మాట ఇంకా పూర్తి కాలేదు. ఆ చేతిని దారిలోనే అందుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, దుప్పటి మీదికి దించేశాను. ఆయన లాక్కోవాలని చూశారు. ఆ వయసుకి, ఆ స్థితికి, చాలా బలముంది. వదల్లేదు.

"తెలీక కాదు మాస్టారూ" అన్నాను. "తెలిసే చేశాను."

వెనకాల ఎవరో ముక్కు చీదారు. మా మిత్రుడి భార్య తన భర్తతో గుసగుసగా అంటోంది, "చూడుండ్రి, కన్న కొడుకు కూడ గట్ల చెయ్యి పట్టుకోడు."